“గట్టిగా రేజ్ చెయ్యన్నా, ఆ శబ్దం అదే పోద్ది”

కింద వచ్చే సలహాలన్నీ తప్పుడు సలహాలు. బుల్లెట్‌కు కొత్త హైడ్రాలిక్ ట్యాపెట్లు వేయించుకున్న వాళ్ళెవరికైనా ఇవి వినబడతాయి. షెడ్డులో చెబుతారు, టీకొట్టు దగ్గర చెబుతారు, ఆయిల్ కొనే షాపులో చెబుతారు. చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చాలామంది నిజంగా చేయి తిరిగిన పనివాళ్ళే. తప్పెక్కడ జరుగుతుందంటే, సలహా పుట్టింది ఒక ఇంజిన్ కోసం, దాన్ని వాడుతున్నది ఇంకో ఇంజిన్ మీద. అందుకే ఒక్కో సలహానూ వాళ్ళ నోటి మాటగానే చెప్పి, అది ఏ ఇంజిన్‌దో, మన ఇంజిన్‌ని ఏం చేస్తుందో, దాని బదులు ఏం చేయాలో రాస్తున్నాను. డబ్బు పెట్టి కొన్న కొత్త సామాను మొదటి అరగంటలోనే పాడవడం చూస్తే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది.

నాయుడుపేటలో ఈ గందరగోళం కాస్త ఎక్కువే. కోల్‌కతా నుంచి చెన్నై వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారి ఊరి పక్కనే పోతుంది. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చే 71వ నంబరు రోడ్డు ఇక్కడే దాన్ని కలుస్తుంది. లారీ షెడ్లూ, కార్ల షెడ్లూ, బైకుల షెడ్లూ పక్కపక్కనే ఉంటాయి. ఒక షెడ్డు మాట ఇంకో షెడ్డుకు పాకడానికి ఎంతోసేపు పట్టదు. పైగా బుల్లెట్ పుట్టిల్లు మనకు దగ్గర. 1955లో ఇంగ్లండు కంపెనీతో కలిసి మద్రాస్ మోటార్స్ ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టింది. ఆ ఫ్యాక్టరీ ఉన్న తిరువొత్తియూరు ఇక్కడికి రెండు గంటల పైచిలుకు దారి. అందుకే బుల్లెట్‌లో వచ్చిన తరాలన్నీ ఈ ఊళ్ళో తిరుగుతూనే ఉన్నాయి.

ఆ తరాలేవో ముందు తెలుసుకోవాలి. పాతది కాస్ట్ ఐరన్ ఇంజిన్. బోరు పోత ఇనుముది, గేర్ బాక్సు వేరే, ట్యాపెట్లు చేత్తో సెట్ చేసుకునేవి. 2008లో థండర్‌బర్డ్ ట్విన్‌స్పార్క్‌తో యూసీఈ ఇంజిన్ వచ్చింది. ఇంజిన్, గేర్లు ఒకే పెట్టెలోకి చేరాయి, బోరు అల్యూమినియంది, ట్యాపెట్లు హైడ్రాలిక్ అయ్యాయి. 2009లో వచ్చిన క్లాసిక్‌లోనూ ఇదే ఇంజిన్. 350లో బోరు 70, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, మొత్తం 346 సీసీ. 2020లో మీటియర్‌తో జె ఇంజిన్ వచ్చాక 2021లో క్లాసిక్, 2023లో బుల్లెట్ దానికి మారాయి. కొత్తదాంట్లో కామ్ తల మీదకి ఎక్కింది, పుష్‌రాడ్లే లేవు. కాబట్టి హైడ్రాలిక్ ట్యాపెట్ల గొడవంతా మధ్యలో వచ్చిన ఆ పదిహేనేళ్ళ బళ్ళది. మన పక్క ఇంకా ఏపీ 26 నెల్లూరు నంబరుతో తిరుగుతున్న క్లాసిక్‌లు, థండర్‌బర్డ్‌లు చాలావరకు ఆ రకమే. 2022లో ఊరు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది కానీ ఆ ప్లేట్లు అలాగే ఉన్నాయి. ఆ బళ్ళు ఇప్పుడు ట్యాపెట్లు మార్చుకునే వయసుకు వచ్చాయి.

ఆ ట్యాపెట్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఇది ఉక్కుతో చేసిన చిన్న స్తంభం. కింద ఒక రోలర్ ఉంటుంది, కామ్ మీద దొర్లేది అదే. పక్కన ఆయిల్ లోపలికి వెళ్ళే సన్న రంధ్రం, పైన పుష్‌రాడ్ కూర్చునే గుంట. లోపల ఒక ప్లంజర్, దాని కింద స్ప్రింగు, ఆయిల్‌ను వెనక్కి పోనివ్వకుండా ఆపే వాల్వు. ఆయిల్ లేనప్పుడు గుంటలో రాడ్ పెట్టి నొక్కితే ప్లంజర్ మెత్తగా దిగి, వదలగానే లేస్తుంది. ఆయిల్ నిండాక నొక్కితే మూతి మూసిన సిరంజిలా బిగుసుకుంటుంది. అయినా వదలకుండా నొక్కి పట్టుకుంటే అంచు చుట్టూ ఆయిల్ సన్నగా చెమర్చి, ప్లంజర్ చాలా నిదానంగా దిగుతుంది. ప్లంజర్‌కూ గోడకూ మధ్య సందు కొన్ని మైక్రాన్లే. పనంతా ఆ సందులోనే ఉంది. కామ్ కొట్టినప్పుడు ఆయిల్ లోపలే చిక్కుకుని రాడ్‌ను ఎత్తుతుంది. కామ్ దిగాక స్ప్రింగు ప్లంజర్‌ను పైకి తోసి సందును మూసేస్తుంది, తగ్గిన చుక్క ఆయిల్ మళ్ళీ నిండుతుంది. అల్యూమినియం బోరు వేడికి ఎక్కువ పెరుగుతుంది, పుష్‌రాడ్ అంత పెరగదు. ఆ తేడాను క్షణక్షణం సర్దేది ఈ ట్యాపెట్టే. ఇంజిన్ 2500 చుట్లు తిరుగుతుంటే కామ్ అందులో సగమే తిరుగుతుంది, అంటే ఒక్కో ట్యాపెట్ సెకనుకు ఇరవై సార్లు లేచి దిగుతుంది.

ఇక సలహాలు.

“కొత్త ట్యాపెట్లు కదన్నా, స్టార్టయిన వెంటనే రెండున్నర వేల మీద పెట్టి అరగంట అట్లే ఉంచు. స్లోలో పెడితే కామ్‌ను తినేస్తాయి.”

అన్నిటికంటే ప్రమాదకరమైంది ఇదే. అన్నిటికంటే నమ్మకంగా చెప్పేదీ ఇదే, ఎందుకంటే ఒక చోట ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. పాత అమెరికన్ వీ8 కార్ల ఇంజిన్లకు కొత్త కామ్, కొత్త ట్యాపెట్లు వేసినప్పుడు అక్కడి మెకానిక్‌లు ఇలాగే చేస్తారు. స్టార్టవగానే 2000 నుంచి 2500 మధ్యకు తెచ్చి ఇరవై ముప్పై నిమిషాలు నడుపుతారు. ఆ ట్యాపెట్లకు రోలర్ ఉండదు. అడుగు చదునుగా కనబడుతుంది కానీ నిజానికి కొంచెం ఉబ్బుగా ఉంటుంది. కామ్ గుబ్బ ఒక పక్కకు లేశమంత వాలుగా ఉంటుంది. ఆ రెండూ కలిసి ట్యాపెట్‌ను తన చుట్టూ తాను తిప్పుతాయి. అలా తిరుగుతూ మొదటి అరగంటలో రెండు లోహాలూ ఒకదానికొకటి అలవాటు పడాలి. వేగం లేకపోతే క్రాంకు నుంచి ఎగిరే ఆయిల్ కామ్ మీద సరిగ్గా పడదు. స్లోలో వాల్వు స్ప్రింగు బరువంతా గుబ్బ కొన మీదే పడుతుంది. అక్కడ ట్యాపెట్ తిరగడం ఆగిపోయిందంటే కామ్ గుబ్బ నిమిషాల్లో అరిగిపోతుంది. కాబట్టి అక్కడ అది ప్రాణం నిలిపే నియమం.

మన యూసీఈ ట్యాపెట్‌కు రోలర్ ఉంది. అది కామ్ మీద రుద్దుకోదు, దొర్లుతుంది. అలవాటు పడాల్సిన చదును ముఖమే దానికి లేదు. అంటే ఆ అరగంట వల్ల మనకు వచ్చే లాభం సున్నా. నష్టం మాత్రం పూర్తిగా మనదే. వీ8కు ముందు రేడియేటరూ ఫ్యానూ ఉంటాయి. మన ఇంజిన్‌కు కదిలే గాలి తప్ప చల్లార్చేది ఇంకోటి లేదు. స్టాండ్ వేసి, రేకుల షెడ్డులో, మే నెల మధ్యాహ్నం, కదలకుండా అరగంట రేజ్ చేస్తే హెడ్ కాగిపోతుంది. ఆయిల్ నీళ్ళలా పల్చబడుతుంది. పల్చబడిన ఆయిల్ ఆ కొన్ని మైక్రాన్ల సందులోంచి తొందరగా కారిపోతుంది. దాంతో శబ్దం ఇంకా పెరుగుతుంది. ‘చూశావా, ఇంకా సెట్ కాలా’ అని ఇంకో పది నిమిషాలు రేజ్ చేస్తారు.

హైవే పక్క ఒక షెడ్డులో ఇది కళ్ళారా చూశాను. యాక్సిలేటర్ గ్రిప్పు వెనక్కి రాకుండా గుడ్డ చుట్టి కట్టారు. సైలెన్సర్ బెండు మొదట ఎండు గడ్డి రంగుకు తిరిగింది, తర్వాత ఊదా, ఆ తర్వాత హెడ్ దగ్గర ముదురు నీలం. ఫిన్నుల మధ్య నుంచి కాలిన ఆయిల్ వాసన. బండాయన పక్కనే నిలబడి ఉన్నాడు పాపం, మంచి జరుగుతోందనే నమ్మకంతో. అదే సమయంలో కొత్త రింగులు కూడా వేసి ఉంటే పిస్టన్ పట్టేయడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. ఇంకో సంగతి: బుల్లెట్‌కూ క్లాసిక్‌కూ ఆర్‌పీఎం మీటరే లేదు. చెవితో అంచనా వేసిన రెండున్నర వేలు మూడున్నర వేలు కాదని ఎవరు చెప్పగలరు?

మీ బండి కాస్ట్ ఐరన్‌దైతే మాట వేరు. దాని ట్యాపెట్ల అడుగు చదునే. కొత్త కామ్ వేస్తే కొత్త ట్యాపెట్లే వేయాలి, అసెంబ్లీ పేస్టు దట్టంగా పూయాలి, స్టార్టయ్యాక ఊరికే స్లోలో వదిలేయకూడదు. అయినా గాలితో చల్లారే ఇంజినే కాబట్టి నిలబెట్టి అరగంట రేజ్ చేయడం దానికీ వద్దు. కొన్ని నిమిషాలు చూసి రోడ్డెక్కించడమే మేలు.

“ట్యాపెట్ టైట్ చెయ్. రాడ్ వేలితో తిరగాల, పైకీ కిందికీ ఆడకూడదు.”

ఇది పాత బుల్లెట్ మేస్త్రుల పాఠం. చాలా మంచి పాఠం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ కంప్రెషన్‌లో పైకొచ్చినప్పుడు పుష్‌రాడ్ వేళ్ళకు సులువుగా తిరగాలి, ఆట ఉండకూడదు. మంచి మేస్త్రికి ఫీలర్ గేజీ కూడా అక్కర్లేదు. యూసీఈలో మాత్రం తిప్పడానికి స్క్రూయే లేదు, రాడ్ పొడవు మార్చలేం. ప్లంజర్ తన దారిలో మధ్యలో ఎక్కడో కూర్చుని అటూ ఇటూ సర్దుకోవాలి. అందుకే ఆ పొడవును ఫ్యాక్టరీలోనే లెక్కగట్టి పెట్టారు.

స్క్రూ లేకపోయేసరికి కొందరు ఇంకో దారి వెతుకుతారు. రాడ్ కొన మీద వెల్డింగు పెట్టి లేతుకిస్తారు. గుంటలో వాషర్ ముక్క వేస్తారు. మరీ తెగించినవాళ్ళు ట్యాపెట్ విప్పి లోపల ఇనుప ముక్క బిగించి ‘సాలిడ్ చేశాం’ అంటారు. శబ్దం ఆ పూటకు తగ్గుతుంది. కానీ రాడ్‌కు సర్దుకునే చోటు ఉండదు, వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకోని ఎగ్జాస్టు వాల్వు తన వేడిని సీటుకు ఇవ్వలేక అంచు కాలిపోతుంది. శబ్దం తగ్గిందని సంతోషపడిన బండి రెండు నెలల్లో కంప్రెషన్ లేక మళ్ళీ షెడ్డుకే వస్తుంది.

ఎవరికీ తట్టని సంగతి ఒకటి చెబుతాను. ఈ ప్లంజర్ లెక్కను తెలియకుండానే పాడుచేసేది బోరు కింద ప్యాకింగు. ఆయిల్ కారుతోందని కొందరు రెండు ప్యాకింగులు వేస్తారు. బోరు ఆ మందాన పైకి లేస్తుంది, రాకర్ కూడా దాంతోపాటే లేస్తుంది, ప్లంజర్ మీద ఒత్తిడి తగ్గుతుంది. హెడ్ ఎక్కువ ఫేసింగ్ పట్టిస్తే దీనికి తిరగబడుతుంది. కొత్త ట్యాపెట్లు వేసినా టకటక పోలేదంటే, ఇంతకుముందు ఎవరైనా ఆ పని చేశారేమో అడిగి తెలుసుకోండి. ప్యాకింగు ఒక్కటే, కంపెనీ మందందే ఉండాలి.

“బిగించే ముందు ఆయిల్ కొట్టి రాయిలా చెయ్.” దీని పక్కనే దీనికి పూర్తిగా తిరగబడ్డ సలహా: “ఉత్తదే వేసెయ్, ఇంజినే నింపుకుంటుంది.”

రెండూ వద్దు. ఉత్తదే వేస్తే ఆయిల్ పైకి వచ్చేదాకా రోలర్ పిన్నూ ప్లంజరూ పొడిగా కొట్టుకుంటాయి. లోపలి గాలి ఆయిల్‌తో కలిసి నురగై, చాలా సేపు స్పాంజిలా మెత్తగా ఉంటుంది. మరీ బిగుసుకునేలా నింపితే రాకర్ బోల్టులు బిగించేటప్పుడు ప్లంజర్ దిగదు. బోల్టు తిప్పే బలమంతా పుష్‌రాడ్ మీదికే పోతుంది. రాడ్ వంగుతుంది, లేదా వాల్వు తెరుచుకుని పిస్టన్‌కు అడ్డం వస్తుంది.

చేయాల్సింది ఓపికగా చేసే పని. శుభ్రమైన గిన్నెలో కొత్త ఇంజిన్ ఆయిల్ పోసి, ట్యాపెట్లను నిటారుగా, రోలర్ కిందికి ఉండేలా ముంచి పెట్టండి. పడుకోబెట్టొద్దు. ఆయిల్ లోపలే ఉంచి ప్లంజర్‌ను సన్నని కడ్డీతో నాలుగైదు సార్లు నెమ్మదిగా నొక్కితే గాలి బుడగలు బయటికి వస్తాయి. బుడగలు ఆగితే చాలు, ఇంకా బలంగా నింపే పని లేదు. ఇంటేకుది ఇంటేకులోకే, ఎగ్జాస్టుది ఎగ్జాస్టులోకే వెళ్ళాలి. పుష్‌రాడ్లు విప్పినప్పుడే గుర్తు పెట్టుకోండి, తారుమారు కాకూడదు.

రాకర్లు బిగించేటప్పుడు కామ్ రెండు ట్యాపెట్లనూ ఎత్తకుండా ఉండాలి. వేలు ప్లగ్గు రంధ్రం మీద పెట్టి గాలి తన్నడం చూసి కంప్రెషన్ గుర్తుపట్టడం పాత పద్ధతి. యూసీఈలో ఆటో డీకంప్రెసర్ ఉంది. నిదానంగా తిప్పేటప్పుడు అది ఎగ్జాస్టు వాల్వును కాస్త ఎత్తుతుంది కాబట్టి వేలిని ఒక్కదాన్నే నమ్మొద్దు, టైమింగ్ గుర్తులు చూడండి. బోల్టులు అటొక అర చుట్టూ ఇటొక అర చుట్టూ మార్చి మార్చి తిప్పుతూ, చివరికి టార్క్ రెంచితో సర్వీసు మాన్యువల్‌లో ఉన్న అంకెకు తీసుకెళ్ళాలి. చేతి అంచనా అల్యూమినియం మీద పనికిరాదు, మరలు పోతాయి. అదయ్యాక అరగంట వదిలేయండి. ఎక్కువైన ఆయిల్ కారి ప్లంజర్ తన చోటుకు దిగడానికి ఆ టైము కావాలి. తర్వాత రెండు ప్లగ్గులూ తీసి, చేత్తో కిక్కర్‌ను నిదానంగా నొక్కి ఇంజిన్ రెండు మూడు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయొద్దు. ఇంకాసేపు ఆగి మళ్ళీ చూడండి.

“ముందు డీజిలు పోసి ఐదు నిమిషాలు తిప్పు, లోపల కడిగినట్టుంటది.”

కొందరు డీజిలంటారు, కొందరు కిరసనాయిలు అంటారు. ఐదు నిమిషాలే కదా అనిపిస్తుంది. ఆ ఐదు నిమిషాలూ బేరింగులు, కామ్, పిస్టన్ అంతా పల్చటి ద్రవం మీద నడుస్తాయి. దానికంటే ట్యాపెట్లకు జరిగేది ఘోరం. ఇన్నేళ్ళుగా మూలల్లో గట్టిపడి కదలకుండా ఉన్న మడ్డి ఒక్కసారిగా ఊడి గ్యాలరీల్లోకి వస్తుంది. అందులో ఒక్క రేణువు ట్యాపెట్ లోపలి వాల్వు కింద ఇరుక్కుంటే చాలు, ఆయిల్ ఆగదు, కొత్త ట్యాపెట్ పాత దానిలాగే టకటకలాడుతుంది. కడగాలనుకుంటే ఇంజిన్ విప్పి ఉన్నప్పుడే చేత్తో కడగండి. గ్యాలరీల్లోకి కంప్రెసర్ గాలి కొట్టండి. చాంబర్లు కట్టేశాక కడగడం మానుకోండి.

బనియన్ వేస్ట్‌తో తుడవొద్దు, దాని నూలు పోగులు గ్యాలరీల్లోకి పోతాయి. పీచు వదలని గుడ్డ వాడండి. సిలికాన్ పేస్టు కూడా అంతే. బయటికి అందంగా పిండినంత లోపలికీ పిండుతుంది, ఆ ముక్కలు ఆయిల్ దారుల్లో అడ్డం పడతాయి. ప్యాకింగు ఉన్న చోట పేస్టు అక్కర్లేదు.

“లారీ ఆయిల్ పొయ్ అన్నా, గట్టిది. ఇంకొంచెం ఎక్కువే పొయ్.”

హైవే ఊళ్ళో ఈ మాట రాకుండా ఉండదు. లారీల్లో ఎక్కువగా వాడేది 15డబ్ల్యూ-40. ఆ చివరి అంకె ఇంజిన్ కాగినప్పుడు ఆయిల్ చిక్కదనం. యూసీఈకి కంపెనీ చెప్పింది 15డబ్ల్యూ-50, జాసో ఎంఏ ముద్ర ఉన్న సెమీ సింథటిక్. మన ఎండల్లో 40కీ 50కీ తేడా ట్యాపెట్‌కు తెలుస్తుంది. జాసో ఎంఏ అని ఎందుకు అడగాలంటే, ఈ ఇంజిన్‌లో క్లచ్ ప్లేట్లు కూడా ఇదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. రాపిడి తగ్గించే కార్ల ఆయిళ్ళూ, షాపుల్లో అమ్మే చిన్న సీసాల మందులూ పోస్తే ట్యాపెట్ మాట దేవుడెరుగు, క్లచ్ జారడం మొదలవుతుంది. ఇక శబ్దం తగ్గడానికి 90 గేర్ ఆయిల్ ఒక గ్లాసు కలపమనేవాళ్ళు ఉన్నారు. అది చల్లని ఇంజిన్‌లో ట్యాపెట్ల దాకా చేరడానికే ఆలస్యం చేస్తుంది.

ఎక్కువ పోస్తే నష్టమేంటి అంటారు. ఎక్కువైన ఆయిల్‌ను తిరిగే భాగాలు చిలికి నురగ చేస్తాయి. ఆయిల్‌ను నొక్కితే లొంగదు కాబట్టే ట్యాపెట్ పనిచేస్తోంది. నురగ లొంగుతుంది. తక్కువైనా టకటకే, ఎక్కువైనా టకటకే. ఇంజిన్ కాస్త నడిపి ఆపి, కొద్ది నిమిషాలు ఆగి, బండిని చదును నేల మీద మెయిన్ స్టాండ్ వేసి కుడి పక్క అద్దంలో గీతల మధ్య చూసుకోండి. డబ్బా మీద లీటర్లు చూసి పోయొద్దు, అద్దం చూసి పోయండి. ట్యాపెట్లు మార్చినప్పుడు ఆయిలూ ఫిల్టరూ కొత్తవే ఉండాలి. బాగానే ఉంది కదా అని పాత ఆయిల్ వడగట్టి పోయడం కొత్త సామానుకు మొదటి రోజే చేసే ద్రోహం.

“శబ్దం ఎగ్జాస్టుదే. ఒకటి మార్చు చాలు. పుదుపేటలో సెకండ్‌హ్యాండ్ దొరుకుద్ది.”

చెన్నై పుదుపేటలో పాత బండి సామాను దొరకనిది లేదు. ట్యాంకు, మడ్‌గార్డు, హెడ్‌లైట్ డూమ్ లాంటివి చూసి ఏరుకోవచ్చు, వంకలు కంటికి కనబడతాయి. ట్యాపెట్‌లో అరుగుదల కంటికి కనబడదు. బయట తళతళలాడుతూ లోపల సందు పెరిగిపోయి ఉంటుంది. వాడిన ట్యాపెట్ వేరే ఇంజిన్‌లో, వేరే కామ్ మీద అరిగింది. రెండూ కలిపి, కొత్తవి, కంపెనీవే కొనండి. ఇంత దూరం విప్పిన కూలి ముందు ఆ రెండో ట్యాపెట్ ధర పెద్దది కాదు. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేసి వచ్చే శబ్దంలో దోషం ఎక్కడుందో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు. కామ్‌ను కూడా అప్పుడే చూడండి. గుబ్బ మీద గోరుకు తగిలే గుంట ఉంటే దాని మీద కొత్త రోలర్ నిలవదు.

“సెల్ఫ్ కొట్టు, అందుకుంటే రేజ్ చెయ్. ఆయిల్ పైకి తంతాది.”

శీర్షికలో పెట్టింది దీని తమ్ముడినే. మొదటి స్టార్టింగుకు ముందు ఆయిల్ పైకి చేరి ఉండాలి, స్టార్టయ్యాక చేరడం కాదు. ప్లగ్గులు తీసేసి, ఇగ్నిషన్ ఆపి, కిక్కర్‌తో ముప్పై నలభై సార్లు తొక్కండి. కంప్రెషన్ లేదు కాబట్టి కాలికి బరువుండదు. రాకర్ కవర్ తీసి ఉంచితే ఆయిల్ రాకర్ల దగ్గరికి రావడం కనబడుతుంది. అది చూశాకే మూత పెట్టండి. సెల్ఫ్‌తోనే తిప్పాలంటే ప్లగ్గులను వైర్లకు తగిలించి ఇంజిన్‌కు ఆనించి ఉంచండి, ఉత్తగా వదిలేస్తే కాయిల్ మీద భారం పడుతుంది. సెల్ఫ్‌ను కొద్ది క్షణాలకొకసారి వదిలి ఆగుతూ కొట్టండి.

స్టార్టయ్యాక టకటక వస్తుంది. రావాలి కూడా, లోపల మిగిలిన గాలి ఇంకా పోలేదు. కొంచెం ఎత్తు స్లోలో పెట్టి, యాక్సిలేటర్‌ను మెల్లగా కొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ నాలుగైదు నిమిషాలు నడపండి. శబ్దం తగ్గుతూ వస్తుంటే బండి దారిలో పడినట్టే. తగ్గకపోతే ఆపి, చల్లారనిచ్చి, ఆయిల్ మట్టం చూసి మళ్ళీ స్టార్ట్ చేయండి. కొన్నిసార్లు ఆపి ఉంచినప్పుడే గాలి పైకి తేలి బయటికి పోతుంది. గట్టిగా రేజ్ చేయడం వల్ల గాలి పోదు. ఆయిల్ నురగ కట్టడం మాత్రం ఖాయం.

“వెయ్యి కిలోమీటర్లు నలభై దాటొద్దు.”

కొత్త పిస్టన్, రింగులు వేయించిన వాళ్ళకు జాగ్రత్త కావాలి, నిజమే. ట్యాపెట్లు మాత్రమే మార్చినప్పుడు వెయ్యి కిలోమీటర్ల తపస్సు అవసరం లేదు. నలభై దాటనివ్వను అని నాలుగో గేరులో గుడుగుడుమంటూ ఈడ్పిస్తే ఇంజిన్‌కు అదే కష్టం. చుట్లు తక్కువ, బరువు ఎక్కువ, ఆయిల్ ఒత్తిడి తక్కువ. దీనికి ఎదురుగా ఇంకొకాయన “హైవే ఎక్కించి సూళ్ళూరుపేట దాకా ఫుల్లుగా తియ్” అంటాడు. అదీ వద్దు.

నేను చెప్పే దారి శ్రీకాళహస్తి వైపు ఊళ్ళ మీదుగా పోయే రోడ్డు. తెల్లవారుజామున ఎండ ఎక్కకముందే బయల్దేరండి. ఊళ్ళు, మలుపులు, స్పీడు బ్రేకర్లు ఉంటాయి కాబట్టి వేగం దానంతటదే మారుతూ ఉంటుంది, గేర్లు మారుతూ ఉంటాయి, గాలి తగులుతూ ఉంటుంది. యాక్సిలేటర్ సగం దాటకుండా వెళ్ళి, అక్కడ ఆపి ఆయిల్ ఎక్కడైనా కారుతోందా చూసి, ఇంజిన్ చల్లారాక తిరిగి రండి. ఈ కొద్దిపాటి ప్రయాణం షెడ్డులో అరగంట రేజ్ చేసినదానికంటే ఎన్నో రెట్లు మేలు చేస్తుంది. 500 కిలోమీటర్ల దగ్గర ఆయిల్, ఫిల్టర్ మరోసారి మార్చండి. పాత ఫిల్టర్ కాగితాన్ని విప్పి వెలుతురులో చూడండి. సన్నని బూడిద రంగు మడ్డి మామూలే. మెరిసే ఉక్కు పొరలు అయస్కాంతానికి అంటుకుంటుంటే రోలర్ గానీ కామ్ గానీ అరుగుతోందని అర్థం, ఇక బండి నడపకుండా విప్పించండి.

“హైడ్రాలిక్ అంటే చప్పుడే రాకూడదు.”

రాత్రంతా ఆగిన బండిలో, వాల్వును తెరిచి పట్టుకుని ఆగిపోయిన ట్యాపెట్ మీద స్ప్రింగు బరువు పడుతూనే ఉంటుంది. ఆయిల్ చెమర్చి ప్లంజర్ దిగిపోతుంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కొద్ది సెకన్లు టిక్ టిక్ వస్తుంది, అది దోషం కాదు. కాగిన తర్వాత కూడా ఆగకుండా వస్తుంటేనే వెతకాలి. అప్పుడు కూడా అది ట్యాపెట్టే అని ముందే తీర్మానించొద్దు. సెల్ఫ్ కొట్టినప్పుడు కటకటమంటే స్ప్రాగ్ క్లచ్ చూడాలి. స్టార్టింగులోనూ ఆపేటప్పుడూ ఒక టక్‌మంటే డీకంప్రెసర్ కావచ్చు. చల్లగా ఉన్నప్పుడు మొద్దుగా కొట్టి కాగాక పోయేది పిస్టన్ ఆట. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను రాకర్ కవర్ మీద, బోరు మీద, టైమింగ్ కవర్ మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటే శబ్దం ఎక్కడ పుడుతోందో తేడా బాగానే తెలుస్తుంది.

ఎక్కువమందిని మోసం చేసేది సైలెన్సర్ బెండు. హెడ్‌కు బెండు కలిసే చోట ప్యాకింగు పోతే పొగ సన్నగా చీలుతూ అచ్చం ట్యాపెట్‌లా టిక్ టిక్‌మంటుంది. ట్యాపెట్లు మార్చడానికి బెండు విప్పి, మళ్ళీ పాత ప్యాకింగే వేసి కట్టిన బళ్ళలో ఇది మరీ ఎక్కువ. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి ఆ చోట సబ్బు నీళ్ళు చల్లితే బుడగలు వస్తాయి. పోర్టు చుట్టూ నల్లటి మసి గీత ఉంటే ఇక అనుమానమే లేదు. ట్యాపెట్లు మళ్ళీ పోయాయని హెడ్ రెండోసారి విప్పించే ముందు బెండుకు కొత్త ప్యాకింగు వేసి, ఆ రెండు నట్లూ బిగించి చూడండి.